'కి' వదిలి కొట్టినవాడు

హోసూరు
2025 సెప్టెంబరు 14

ప్రియమైన మామా,

నువ్వు పంపిన మాట చదివినాను. "బిల్ వార్డ్‌ది ఏముందప్పా, తాళమే నిలవదు, ఐయోమీ పక్కన కూర్చున్నందుకు పేరొచ్చింది" అన్నావు. దీనికి ఫోనులో బదులు చెప్తే నువ్వొకటి నేనొకటి అనుకుని అంతటితో వదిలేస్తాము. అందుకని కాగితం తీసినాను. తీరిగ్గా చదువు. పాటలు పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మేలు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. హెవీ మెటల్‌కు ఉన్న బరువు బ్లాక్ సబ్బత్ బ్యాండులో ఐయోమీ గిటారు నుంచి ఎంత వచ్చిందో డ్రమ్మరు వార్డ్ చేతుల నుంచీ అంతే వచ్చింది. గట్టిగా బాదితే వచ్చే బరువు కాదది, వేగంతో వచ్చేదీ కాదు. ఊపుతో వచ్చింది. తాళం నిలవదని నువ్వు ఎక్కడ తప్పు పట్టినావో సరిగ్గా అక్కడే ఆయన గొప్పతనం ఉంది. డ్రమ్మర్లలో జాన్ బోనమ్ గురించి, ఇయాన్ పేస్ గురించి, నీల్ పీర్ట్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు వార్డ్ పేరు వచ్చేసరికి "ఆఁ, ఆయనా బాగానే కొడతాడు" అని ముందుకు పోతారు. నాకు అది ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

నువ్వు ఇప్పుడున్న సోలిహల్ నుంచే మొదలుపెడతాను. సోలిహల్‌కూ ఆస్టన్‌కూ ఎంత దూరమని? బర్మింగ్‌హామ్ నడిబొడ్డుకు ఇటుపక్క ఒకటి, అటుపక్క ఒకటి. మన హోసూరు టీవీఎస్ వాళ్లు 2020 ఏప్రిల్లో నార్టన్ మోటర్‌సైకిళ్ల కంపెనీని కొన్నారు, సోలిహల్‌లో కొత్త ఫ్యాక్టరీ పెట్టినారు. ఆ సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. అయితే నార్టన్ బండ్లకు పేరు తెచ్చిన పాత ఫ్యాక్టరీ ఆస్టన్‌లో, బ్రేస్‌బ్రిడ్జ్ వీధిలో ఉండేది. 1960ల మొదట్లో మూతపడింది. బిల్ వార్డ్ 1948 మే 5న పుట్టింది ఆ ఆస్టన్‌లోనే. ఆయన బడికి పోయే ఈడులో ఆ పేటలోనే నార్టన్ ఇంజన్లు తయారవుతూ ఉండినాయి. బ్యాండులో పాడే ఓజీ, ఐయోమీ, బాస్ వాయించే గీజర్ బట్లర్, వార్డ్, నలుగురూ ఆ పేట పిల్లలే. మన సిప్‌కాట్ పారిశ్రామికవాడ 1970లలో మొదలై, 80లలో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చి చుట్టూ పల్లెల పిల్లలందరూ షిఫ్టు సైరనుకు నిద్ర లేవడం మొదలుపెట్టినారు చూడు, ఆ బతుకు వాళ్లకు ఒక తరం ముందు నుంచే ఉంది. అందుకే ఈ సంగీతం మనకు పరాయిదిగా తోచలేదేమో అని నేను చాలాసార్లు అనుకుంటాను. అమెరికా సర్ఫింగు పాటలు మన మనసుకు పట్టలేదు కదా, సబ్బత్ ఒక్కసారికే పట్టేసింది.

ఐయోమీ వేళ్ల సంగతి నీకు తెలిసిందే. ప్రెస్ షాపులో పనిచేసినవాడివి కాబట్టి మిగతావాళ్ల కన్నా నీకు అది ఎక్కువ తాకుతుంది. పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో చివరి రోజు డ్యూటీలో, కుడిచేతి రెండు వేళ్ల కొసలు మిషను కింద పోయినాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' నాటికి కొన్ని పాటలకు తీగలను మూడు అర స్వరాలు కిందికి దించినాడు. తీగ వదులైతే నాదం లావుగా లేస్తుంది, నిదానంగా పడుతుంది. ఇంత నిదానంగా తిరిగి తిరిగి వచ్చే గిటారు రిఫ్‌లో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య బోలెడంత చోటు మిగులుతుంది. ఆ చోటును ఏం చెయ్యాలన్నది డ్రమ్మరు మీద పడింది. వేళ్ల కథ పుస్తకాల్లో, సినిమాల్లో, ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు చెప్పినారో లెక్కలేదు. ఆ చోటును నింపినవాడి కథ మాత్రం ఎవరూ చెప్పరు.

వార్డ్ చెవులు ఎక్కడ తయారైనాయో ముందు చూడాల. ఆయన చిన్నప్పుడు విన్నది 1930లు, 40ల నాటి అమెరికా పెద్ద బ్యాండ్ల జాజ్. తన గురువులెవరని అడిగినప్పుడల్లా జీన్ క్రూపా, బడ్డీ రిచ్, లూయీ బెల్సన్ పేర్లు చెప్తాడు. 1937లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండుతో క్రూపా వాయించిన 'సింగ్ సింగ్ సింగ్' ఒకసారి విను. పెద్ద టామ్ డ్రమ్ మీద ఎడతెగకుండా నడిచే ఆ దరువు వింటే సబ్బత్ మొదటి ఆల్బమ్‌కు వేరు ఎక్కడుందో తెలిసిపోతుంది.

జాజ్ వాళ్లు స్వింగ్ అనేది మనకు అర్థం చేసుకోవడం చాలా సులువు మామా. ఒక దెబ్బ కాలాన్ని నాలుగు పాళ్లు చేస్తే తకధిమి. మూడు పాళ్లు చేస్తే తకిట. ఆ తకిటలో 'త' కొట్టు, 'కి' వదిలెయ్, 'ట' కొట్టు. త… ట, త… ట, త… ట. అంతే, స్వింగ్ వచ్చేసింది. వదిలేసిన ఆ 'కి' దగ్గర ఒళ్లు తనంతట తానే ముందుకు తూగుతుంది. సమానంగా నాలుగు ముక్కలు చేసి కొడితే కాళ్లు కవాతు చేస్తాయి. 'కి' వదిలి కొడితే నడుము కదులుతుంది. 60ల చివరికి రాక్ సంగీతం చాలామట్టుకు తకధిమి వైపుకు జరిగిపోయింది. వార్డ్ మాత్రం అంత పెద్ద గిటారు మోత పక్కన కూర్చుని కూడా తకిటను విడవలేదు.

నమ్మకపోతే 'వికెడ్ వరల్డ్' పెట్టు. మొదలు కాగానే సింబల్ మీద నడిచేది అచ్చమైన జాజ్ నడక. ఆ పాట ఇంగ్లండులో 'ఈవిల్ వుమన్' రికార్డుకు వెనక పక్క వచ్చింది, అమెరికాలో ఆల్బమ్‌లోనే పెట్టినారు. దానిమీద ఐయోమీ రిఫ్ వచ్చి పడినప్పుడు, బరువూ ఊపూ రెండూ ఒకేసారి వినబడతాయి. అంతకు ముందు ఆ రెండింటినీ ఇట్లా కలిపినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

తర్వాత వాళ్ల పేరు మీదే ఉన్న పాట, 'బ్లాక్ సబ్బత్'. వాన, గుడి గంట, ఆ మూడు స్వరాల రిఫ్. ఈ పాటకు ఇంకెవరైనా అయితే టక్ టక్ అని మామూలు తాళం వేసి కూర్చుని ఉంటారు. వార్డ్ వెయ్యలేదు. గిటారు ఒక మాట అని ఆగుతుంది, ఆయన టామ్‌ల మీద ఉరుము లాంటి ఒక రోల్ పంపిస్తాడు. మళ్లీ గిటారు, మళ్లీ ఆయన. ఏ రెండు రోల్‌లూ ఒకే తీరుగా ఉండవు. ఒకటి ముందే మొదలవుతుంది, ఒకటి ఆలస్యంగా వచ్చి గిటారు కాళ్ల దగ్గర పడుతుంది. భయమంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. ఈసారి దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలియకపోవడంలో ఉంది. అదే పాట చివరికి వచ్చేసరికి మూడు పాళ్ల పరుగు అందుకుంటాడు, అప్పటిదాకా పట్టి ఉంచిందంతా ఒక్కసారి వదిలేస్తాడు. తాళం తెలియనివాడు చేసే పనా ఇది?

'వార్ పిగ్స్' సంగతి వేరు. మొదట్లో సైరన్ మోగుతూ ఉండగా వచ్చే ఆ నిదాన భాగమంతా తకిటే, వేళ్ల మీద లెక్కపెట్టుకో. ఆ తర్వాత నాలుగు దెబ్బల్లోకి మారుతుంది. గిటారు రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది, ఓజీ పాడుతూ ఉంటాడు, ఆ గొంతు కింద ఉండేది హై-హ్యాట్ ఒక్కటే. ఇంత పెద్ద పాటను ఒక జత సింబళ్ల మీద నిలబెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. ఆ హై-హ్యాట్ దెబ్బలు విను. గడియారంలో ముల్లు తిరిగినట్టు ఉండవు. ఓజీ మాటకు తగ్గట్టు పైకి లేస్తాయి, తగ్గుతాయి. ఈ పాటను బెంగళూరులో ఎన్ని కాలేజీ బ్యాండ్లు వాయించగా విన్నామో నీకు గుర్తుంది కదా. గిటారు అందరికీ వస్తుంది. ఆ హై-హ్యాట్ దగ్గరికి వచ్చేసరికి పాట చచ్చిపోతుంది.

'ఐరన్ మ్యాన్' గిటారు పాట అని లోకమంతా అంటుంది. ఆ పాటలో మొదట వినబడేది గిటారు కాదు మామా, వార్డ్ కాలు. ఒట్టి బాస్ డ్రమ్. ఆ అడుగుల చప్పుడు వచ్చినాకే గిటారు మూలుగుతూ లేస్తుంది. 'హ్యాండ్ ఆఫ్ డూమ్'లో గీజర్ బాస్ పక్కన ఎంత మెల్లగా కొడతాడంటే, చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినబడదు. మరుక్షణం ఇల్లు కూలినట్టు మీద పడతాడు. 'ప్లానెట్ క్యారవాన్'లో డ్రమ్స్ పక్కన పెట్టి చేతులతో కాంగాలు వాయించినాడు. 'చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్'లో ఆ గుర్రపు నడక మీద టింబాలీలు అదనంగా కలిపినాడు. ఇంతకన్నా ముందు చెప్పాల్సింది: 'ప్యారనాయిడ్' పాట ఒక్క గీత మీద తిన్నగా పోతుంది, ఒక్క అంగుళం పక్కకు జరగదు. అంటే తిన్నగా కొట్టడం రాక ఊగినాడనుకోవడానికి లేదు. వచ్చు. పాట అడిగినప్పుడే కొట్టినాడు.

ఇంకొక సంగతి గమనించు. మామూలుగా బ్యాండుల్లో డ్రమ్మరూ బాస్ వాయించేవాడూ జత కడతారు, గిటారు వాళ్ల మీద నడుస్తుంది. సబ్బత్‌లో గీజర్ చాలా చోట్ల గిటారు రిఫ్‌నే తనూ వాయిస్తాడు. కాబట్టి కింద నేల పరిచే పని ఒక్క వార్డ్‌కే మిగులుతుంది. ఆయన అది చేస్తూనే గిటారుతో మాటలాడతాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, ఒక్కోసారి మాట తుంచి తానే అందుకుంటాడు. మన కచేరీల్లో మృదంగం వాయించే పెద్దలు పాటగాడి సంగతిని పట్టుకుని చేసే పని ఇట్లాంటిదే. తాళం చూపించడానికి ఒక చెయ్యి ఉంటుంది, మృదంగం పని అంతకన్నా పెద్దది అని మనవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. రాక్ విమర్శకులకు ఆ కొలత లేదు. గడియారం పెట్టి డ్రమ్మరును కొలిచినారు.

మన వైపు పలక గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముందుకు పోదు. దెంకణికోట అవతల జాతరల్లో, మీ క్రిష్ణగిరి పక్క ఎద్దుల పండుగల్లో మనం చిన్నప్పటి నుంచి విన్నదే. గడ్డి మంట వేసి పలక కాచి, తోలు బిగిసిందాక గోటితో తట్టి చూసుకుంటారు. ఒక చేతిలో లావాటి పొట్టి పుల్ల, ఇంకో చేతిలో సన్నటి పొడుగు పుల్ల. సన్న పుల్ల సందుల్లో చిన్న చిన్న దెబ్బలు నింపుతూ పోతుంది, లావు పుల్ల అదును చూసి పడుతుంది. చాలా దరువులు ఆరు దెబ్బల నడకలోనే ఉంటాయి, అంటే రెండు తకిటలు. అమ్మవారు ఒంటి మీదికి వచ్చే వేళకు పలక కొట్టేవాడు పూనకం వచ్చిన మనిషి కాళ్లనే చూస్తూ ఉంటాడు. ఆ కాళ్లు తొందరపడితే దరువు తొందరపడుతుంది, తూలితే ఆగి నిలబెడుతుంది. అక్కడ గడియారం పెట్టి వేగం కొలిస్తే గంటకు నాలుగు రకాలుగా ఉంటుంది. దాన్ని తాళం నిలవకపోవడం అని మన ఊళ్లో ఎవరైనా అంటారా? వార్డ్ ఎడమచెయ్యి స్నేర్ మీద చేసే పని, ఆ సన్న పుల్ల పని ఒకటేనని నాకు మొదటిసారి తోచినప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు.

జాతర కరపత్రంలో దాతల పేర్లు, పెద్దల పేర్లు, లైటింగు పెట్టినవాళ్ల పేర్లు అన్నీ అచ్చవుతాయి. పలక కొట్టేవాళ్ల పేరు ఒక్కటి కూడా ఉండదు. దానికి కారణం కులమని మనిద్దరికీ తెలుసు, వార్డ్ కథలో ఆ అన్యాయం లేదు, రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టను. కానీ వెనక కూర్చుని కొట్టేవాణ్ణి వినే అలవాటు మనుషులకు తక్కువన్నది మాత్రం యాడైనా నిజం.

ఇప్పుడు నీ మాటకు నేరుగా వస్తాను. మొదటి ఆల్బమ్ 1969 అక్టోబరు 16న లండనులో రీజెంట్ సౌండ్ స్టూడియోలో రికార్డు చేసినారు. ఇంచుమించు పన్నెండు గంటల్లో పని అయిపోయింది. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైంది. అదే ఏడు సెప్టెంబరు 18న 'ప్యారనాయిడ్' ఆల్బమ్ వచ్చింది. చెవిలో టిక్కు టిక్కుమనే మిషను పెట్టుకుని వాయించిన కాలం కాదది. నలుగురూ ఒక గదిలో నిలబడి, క్లబ్బులో వాయించినట్టే వాయించినారు. ఊపు పెరిగితే వేగం కొంచెం పెరుగుతుంది, పాట నెమ్మదిస్తే తగ్గుతుంది. ఇప్పుడు వచ్చే మెటల్ రికార్డుల్లో ప్రతి దెబ్బనూ కంప్యూటరులో గీతకు సరిగ్గా జరిపి పెడతారు. వాటికి అలవాటు పడిన చెవితో 1970 నాటి మనిషిని వింటే నిలకడ లేనట్టు అనిపిస్తుంది. నువ్వు రోజూ మైక్రాన్లలో కొలిచే మనిషివి, ఆ అలవాటు చెవికి కూడా పాకిందేమో చూసుకో.

ఆయనకు చేతకాని రోజులు లేవని నేను అనడం లేదు. 1972లో 'వాల్యూమ్ 4' రికార్డు చేసేటప్పుడు 'కార్నుకోపియా' పాట ఎంతకూ కుదరక, బ్యాండు నుంచి తీసేస్తారేమో అని భయపడిన సంగతి ఆయనే చెప్పినాడు. ఆ పాటలో నడక మాటిమాటికీ విరుగుతుంది, ఇప్పుడు వింటే ఆ తంటా వినబడుతుంది, నాకు అందుకే అది ఇష్టం. తాగుడు ఆయన్ను చాలా తినేసింది. 1980లో వచ్చిన 'హెవెన్ అండ్ హెల్' రికార్డు చేసినట్టే గుర్తులేదన్నాడు. ఆ ఏడు ఆగస్టులో టూరు మధ్యలోనే వెళ్లిపోతే విన్నీ అపీస్ వచ్చి కూర్చున్నాడు. తర్వాత తాగుడు మానినాడు. 1998లో గుండెపోటు వచ్చింది, మళ్లీ లేచి కూర్చున్నాడు. 70ల చివరి ఆల్బమ్‌లు రెండూ నాకు అంతగా నచ్చవు. కానీ 1976 నాటి 'టెక్నికల్ ఎక్స్‌టసీ'లో 'ఇట్స్ ఆల్‌రైట్' పాట పాడింది ఓజీ కాదు, వార్డ్. ఎంత మెత్తటి గొంతు! ఆ పాట విన్నాక ఆయన డ్రమ్స్‌లో ఉండే జాలి ఎక్కడిదో తెలుస్తుంది.

ఆయన ప్రభావం గురించి ఒక్క మాట. 80లు వచ్చేసరికి మెటల్ తిన్నటి దారి పట్టింది. రెండు బాస్ డ్రమ్‌లు, వేగం, గీత గీసినట్టు దెబ్బలు. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మనం చూసిన ఐరన్ మెయిడెన్‌లో డ్రమ్మరు నికో మెక్‌బ్రెయిన్‌కు ఇంకా ఆ పాత ఊపు ఉండింది, అందుకే ఆ రాత్రి అంత బాగుంది. తర్వాతివాళ్లలో చాలామందికి లేదు. వాళ్లు ఐయోమీ రిఫ్‌లను వారసత్వంగా తీసుకున్నారు, వార్డ్ నడకను ఇంటి బయట వదిలేసినారు. తీసుకున్నవాళ్లూ ఉన్నారు. నిదానంగా నడిచే డూమ్ బ్యాండ్లన్నీ ఆయన బిడ్డలే. మెల్విన్స్ డ్రమ్మరు డేల్ క్రోవర్‌ను విను, గిటారుకూ దెబ్బకూ మధ్య చోటు ఎట్లా వాడుకుంటాడో విను. ఫెయిత్ నో మోర్ బ్యాండు 'వార్ పిగ్స్'ను తమ ఆల్బమ్‌లో వాయించింది. దాని డ్రమ్మరు మైక్ బోర్డిన్, 1997లో సబ్బత్ మళ్లీ కలిసి టూరుకు పోయినప్పుడు వార్డ్ సీటులో కూర్చుని వాయించినాడు. ఆ ఏడు డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో వార్డ్ తిరిగొచ్చి వాయించిన కచేరీయే 'రీయూనియన్' ఆల్బమ్.

2011లో మళ్లీ కలుస్తామన్నారు. తనకు ఇచ్చిన ఒప్పందం సంతకం పెట్టదగినట్టు లేదని వార్డ్ తప్పుకున్నాడు. ఆయన ఒళ్లు అంత పెద్ద టూరుకు సహకరించదని ఓజీ అన్నాడు. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. 2013లో వచ్చిన '13' ఆల్బమ్‌లో బ్రాడ్ విల్క్ వాయించినాడు. మంచి డ్రమ్మరే, రేజ్ అగెనెస్ట్ ద మెషిన్‌లో ఆయన పని నాకు ప్రాణం. ఆల్బమ్ ఇంగ్లండులో, అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. అయినా వింటూ ఉంటే ఏదో తక్కువ. రిఫ్‌లు అవే, గొంతు అదే, బాస్ అదే. పాట ఊగదు. నలుగురిలో ఒకరు లేకపోతే ఏమవుతుందో తెలియడానికి అంతకన్నా మంచి రుజువు నేను చూపించలేను. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో చివరి కచేరీ అని వాయించినప్పుడూ వార్డ్ లేడు. సొంత ఊళ్లో, సొంత బ్యాండుకు వీడ్కోలు చెప్పే రాత్రి ఆయన లేడు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అందుకే ఈ జులై 5 నాకు అంత ముఖ్యమైంది. ఆస్టన్‌లోని విల్లా పార్క్‌లో నలుగురూ 2005 తర్వాత మొదటిసారి ఒక వేదిక మీద కనబడినారు. నువ్వు అంత దగ్గర ఉండీ టిక్కెట్టు దొరకలేదని ఏడ్చినావు. నేను ఇక్కడ ఆదివారం తెల్లవారుజామున ఫోను చేతిలో పెట్టుకుని చూసినాను. ముందు ఇంకో విచిత్రం జరిగింది. చాడ్ స్మిత్, ట్రావిస్ బార్కర్, డానీ క్యారీ, ముగ్గురు పేరుమోసిన డ్రమ్మర్లు ఒక పాట మీద వంతులు వేసుకుని వాయించినారు. ఏ పాట? 1975 నాటి 'సింప్టమ్ ఆఫ్ ద యూనివర్స్'. వార్డ్ కట్టిన నడక మీద ముగ్గురు మహామహులు పోటీ పడినారు. ఆ తర్వాత డెబ్బై ఏడేళ్ల వార్డ్ వచ్చి 'వార్ పిగ్స్', 'ఎన్.ఐ.బి.', 'ఐరన్ మ్యాన్', 'ప్యారనాయిడ్' నాలుగూ వాయించినాడు. చేతుల్లో వయసు తెలిసింది, నిజమే. కొన్ని రోల్‌లు చిన్నవి చేసుకున్నాడు. కానీ 'వార్ పిగ్స్' హై-హ్యాట్ మొదలయ్యేసరికి, ఇన్నేళ్లుగా వేరేవాళ్లు వాయించినప్పుడు దొరకనిది మొదటి నాలుగు దెబ్బల్లోనే దొరికింది. పాట ఊగింది. గీజర్ బాస్, ఐయోమీ గిటారు ఆ ఊపులోకి వచ్చి కూర్చున్నాయి. ఓజీ కుర్చీలో నుంచి లేవలేడు, అయినా ఒళ్లంతా ఆడింది. పదిహేడు రోజులకు, జులై 22న, ఓజీ పోయినాడు.

ఆ కచేరీకి వారం ముందే బర్మింగ్‌హామ్ నగరం నలుగురికీ నగర గౌరవం ఇచ్చింది. నలుగురికీ, మామా. ఆ గౌరవం అందుకున్నవాళ్లలో ఆయన పేరూ ఉంది. నాకు అది కొంత ఊరట.

ఇప్పుడు నీకు పని చెప్తాను. వచ్చే ఆదివారం సెలవైతే ఆస్టన్ పోయి రా. బ్రేస్‌బ్రిడ్జ్ వీధి చూడు, విల్లా పార్క్ దాకా నడువు. చెవిలో ఈ వరసలో పెట్టుకో: 'సింగ్ సింగ్ సింగ్', 'వికెడ్ వరల్డ్', 'బ్లాక్ సబ్బత్', 'హ్యాండ్ ఆఫ్ డూమ్', 'ఫెయిరీస్ వేర్ బూట్స్', 'సూపర్‌నాట్', చివర్న 'ఇట్స్ ఆల్‌రైట్'. గిటారును పట్టించుకోవద్దు. అది నీకు ఎట్లాగూ కంఠస్థం. ఎడమచెయ్యి ఒక్కటే విను. విన్నాక కూడా తాళం నిలవదనే అంటే, ఏ పాటలో ఏ నిమిషం దగ్గర నిలవలేదో రాసి పంపు, నేను కూర్చుని విని బదులు రాస్తాను.

మీ ఇంటికాడ అందరూ క్షేమం. ఈ ఏడు తోతాపురికి ధర లేక మీ నాయన చాలా నలిగినారు. పల్పు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రుళ్లు నిలబడిపోయినాయి. వచ్చే ఏడు కొన్ని చెట్లకు వేరే రకం అంటు కట్టిద్దామని అంటున్నారు, నువ్వొకసారి ఫోను చేసి మాట్లాడు. మీ అమ్మ నడక పరవాలేదు. సంక్రాంతికి రజా దొరికితే ముందే చెప్పు, వేపనపల్లి పక్క ఎద్దుల పండక్కి ఇద్దరం పోదాం.

నీ
మామ